పౌరసంబంధాల వృత్తి: పుట్టుపూర్వోత్తరాలు

తెలుగు జిల్లాలలో ఏ జిల్లా కేంద్రానికి వెళ్ళినా పౌరసంబంధాల అధికారి కార్యాలయమొకటి కనిపిస్తుంది. మంత్రుల పర్యటన వివరాలు, తుఫాను హెచ్చరికలు, టీకాల కార్యక్రమాల ప్రకటనలు పత్రికలకు అక్కడినుండే అందుతాయి. ప్రభుత్వమే కాదు, కర్మాగారాలు, బాంకులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు కూడ ఈ పనికి ప్రత్యేకంగా ఉద్యోగులను పెట్టుకుంటున్నాయి. ఈ ఉద్యోగమేమిటని పాఠశాల విద్యార్థి అడిగితే “పత్రికలవారితో మాట్లాడే పని” అని ఉపాధ్యాయుడు ఒక్క మాటలో చెప్పి ఊరుకోవడం పరిపాటి. ఆ మాట తప్పు కాదు, కాని చాలదు.

రాజాజ్ఞను ఊరికి తెలపడానికి పూర్వం దండోరా వేసేవారు. టముకు కొట్టి చెప్పేది రాజుగారి మాట అని వినేవారందరికీ తెలుసు. అంగడివాడు తన సరుకును తానే పొగుడుకుంటే వినేవాడు రూపాయిలో పావలా తగ్గించుకునే వింటాడు. ఆ సరుకు మంచిదని పత్రికలో వార్త వస్తే మాత్రం అంతగా తగ్గించుకోడు. వైద్యుడు చెబితే అసలే తగ్గించుకోడు. చెప్పేవాడు మారితే అదే మాటకు విలువ మారుతుంది. పౌరసంబంధాల వృత్తి ఈ తేడామీదనే పుట్టి పెరిగినది. తన మాటకు ఇతరుల మీద ఉన్న నమ్మకాన్ని అరువు తెచ్చుకోవడం దాని కిటుకు. ఎవరి నమ్మకాన్ని అరువు తెచ్చారు, తెచ్చిన అప్పు ఏ విధంగా తీర్చారు అనేదే దాని చరిత్ర. అమెరికాలో ముగ్గురు వ్యక్తుల జీవితాలను వరుసగా చూస్తే ఈ చరిత్ర చాలవరకు తేటపడుతుంది.

బొగ్గుగనుల నుండి రైలుమార్గానికి

ఐవీ లెడ్బెటర్ లీ 1877లో జార్జియా రాష్ట్రంలో ఒక మెథడిస్టు మతగురువు ఇంట జన్మించాడు. ప్రిన్‌స్టన్‌లో పట్టం పుచ్చుకొని న్యూయార్కు చేరి కొన్నేళ్ళు పత్రికా విలేఖరిగా పనిచేశాడు. 1903లో న్యూయార్కు మేయరు ఎన్నికలలో ఒక అభ్యర్థికి ప్రచారపు వ్రాతపని చేయడంతో అతని దారి మారినది. ఆ తరువాత జార్జి పార్కరు అనే అనుభవజ్ఞుడైన పత్రికారచయితతో కలిసి ఒక కార్యాలయం తెరిచాడు.

ఆ రోజులలో అమెరికా పత్రికలు పెద్ద కంపెనీల గుట్టును బయటపెట్టడంలో పోటీలు పడుతున్నాయి. రాక్‌ఫెలరు చమురు కంపెనీ చరిత్రను ఐడా టార్బెల్ అనే రచయిత్రి ఒక మాసపత్రికలో నెలనెలా ప్రచురించగా దేశమంతా చదివినది. కంపెనీలవారికి తెలిసిన ఉపాయం ఒక్కటే: నోరు మూసుకొని కూర్చోవడం. దాని ఫలితమేమిటో 1902లో పెన్సిల్వేనియా ఆంత్రసైటు బొగ్గుగనుల సమ్మెలో తేలినది. సమ్మె అయిదు నెలలు సాగినది. కార్మిక నాయకుడు జాన్ మిచెల్ విలేఖరులు వస్తే కూర్చోబెట్టి మాట్లాడేవాడు. గనుల యజమానులు తలుపులు బిగించుకున్నారు; విలేఖరులతోనే కాదు, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టుతో సైతం పెడసరంగా ప్రవర్తించారు. కాబట్టి దేశం మిచెల్ చెప్పిన కథనే విన్నది. 1906లో మళ్ళీ సమ్మె సూచనలు కనబడగానే యజమానులు లీని పిలిపించారు.

లీ మొదట చేసిన పని పత్రికా సంపాదకులకు ఒక ప్రకటన పంపడం. ఈ వృత్తిలోని వారు ఇప్పటికీ దానిని తమ మొదటి శాసనంగా చెప్పుకుంటారు. తమది చాటుమాటు వ్యవహారం కాదనీ, పని అంతా బాహాటంగా చేస్తామనీ, ఎవరి తరఫున మాట్లాడుతున్నామో చెబుతామనీ అందులోని సారాంశం. తాము పంపినది డబ్బు చెల్లించి వేయించుకోవలసిన ప్రకటన అని సంపాదకుడు భావిస్తే దానిని వాడనక్కర లేదన్నాడు. అన్నిటికంటె ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది: తాము చెప్పిన ఏ సంగతినైనా సంపాదకుడు స్వయంగా సరిచూచుకోదలిస్తే అందుకు సంతోషంగా తోడ్పడతాము. విజ్ఞానశాస్త్రం చదివినవారికి ఈ షరతు కొత్తది కాదు. పరిశోధకుడు తన ప్రయోగాన్ని మరొకడు చేసి చూడడానికి వీలుగా వివరించడం వంటిదే ఇది.

అదే సంవత్సరం అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ సమీపంలో పెన్సిల్వేనియా రైలు కంపెనీకి చెందిన మూడు పెట్టెల విద్యుత్ రైలొకటి, పడవలు పోవడానికి తెరచి మూసే వంతెన మీద పట్టాలు తప్పి నీటిలో పడినది. 53 మంది చనిపోయారు. ప్రమాదం జరిగితే వీలయినంత వరకు కప్పిపుచ్చడం అంతకు ముందు రైలు కంపెనీల ఆనవాయితీ. లీ సలహాపై కంపెనీ ఈసారి జరిగినదానిని తానే వ్రాసి పత్రికలకు పంపినది. విలేఖరులు చోటు చూడడానికి ఏర్పాటు చేసినది. ఆ ప్రకటనను న్యూయార్కు టైమ్స్ పత్రిక ఉన్నది ఉన్నట్లుగా అచ్చువేసినది. పత్రికా ప్రకటన అనే ప్రక్రియకు ఇదే నాంది అని చాలమంది వ్రాస్తారు. మొదటిది అవునో కాదో అనే తగవు పక్కన పెట్టినా, చెడ్డవార్తను దాచినవాడికంటె తానే ముందుగా చెప్పినవాడిని జనం ఎక్కువగా నమ్ముతారనే సంగతిని ఒక పెద్ద కంపెనీ డబ్బు ఖర్చుపెట్టి గ్రహించిన సందర్భం ఇది.

లీ ఇంకొక పద్ధతి కూడ నెలకొల్పాడు. వ్రాతగాడుగా గుమాస్తాల గదిలో కూర్చోకుండా యజమాని పక్కన కుర్చీ వేయించుకున్నాడు. కంపెనీ చేసే పని మారకుండా చెప్పే మాట ఒక్కటే మారితే ప్రయోజనం లేదని అతని వాదం. 1912 నాటికి పెన్సిల్వేనియా రైలు కంపెనీ అధ్యక్షుని ఆంతరంగిక సహాయకుడయినాడు. ఈ ఉద్యోగంలో పైకి రావడమంటే ఏమిటో ఆ కుర్చీతో స్థిరపడినది.

ఆ కుర్చీయే అతనిని లడ్లోకు తీసుకుపోయినది. 1913 సెప్టెంబరులో కొలరాడోలో బొగ్గుగని కార్మికులు సమ్మె కట్టారు. అక్కడి పెద్ద కంపెనీ రాక్‌ఫెలరు కుటుంబం చేతిలో ఉన్నది. కంపెనీ ఇళ్ళనుండి వెళ్ళగొట్టగా కార్మికుల కుటుంబాలు గుడారాలలో తలదాచుకున్నాయి. 1914 ఏప్రిల్ 20న సాయుధ దళాలు లడ్లో గుడారాల మీద కాల్పులు జరిపాయి, గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద త్రవ్వుకున్న గోతిలో దాగిన ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు ప్రాణాలు విడిచారు. దేశం అట్టుడికినట్లు ఉడికినది. చిన్న రాక్‌ఫెలరు లీని పిలిపించాడు.

లీ కొలరాడో పోరాటాన్ని గురించిన “వాస్తవాలు” అనే పేరుతో వరుసగా కరపత్రాలు వేసి దేశమంతటా ప్రముఖులకు పంపించాడు. వాటిలో కార్మిక నాయకుల రాబడిని గురించిన అంకెలున్నాయి. వారు ఒక ఏడాదిలో పుచ్చుకున్న జీతభత్యాలను తొమ్మిది వారాల రాబడిగా చూపారు. విచారణకు నియమించిన ప్రభుత్వ సంఘం 1915లో లీని నిలదీసి, ఈ సంగతులు సరిచూచుకున్నావా అని అడిగినది. కంపెనీవారు ఇచ్చినదే తాను వేశానని అతడు ఒప్పుకోవలసి వచ్చినది. సరిచూచుకోవడానికి ఎవరికైనా సాయం చేస్తానని తొమ్మిదేళ్ళ క్రితం వ్రాసి ఇచ్చిన మనిషి తానే సరిచూడలేదు. నవలాకారుడు అప్టన్ సింక్లెయిర్ అతని పేరును విరిచి “విషపు ఐవీ” అని పిలిచాడు. ఐవీ అనేది ఒక తీగ పేరు, దానిలో తాకితే దురద పుట్టించే విషజాతి ఒకటి ఉన్నది. ఆ పేరు అతనిని చచ్చేవరకు వదలలేదు. 1934లో జర్మనీలోని ఐ. జి. ఫార్బెన్ రసాయన కంపెనీకి సలహాలిచ్చి సొమ్ము తీసుకున్న విషయమై అమెరికా ప్రతినిధిసభ సంఘం ఎదుట సంజాయిషీ చెప్పుకొని, అదే ఏడు నవంబరులో మరణించాడు.

వైద్యుని మాట

రెండవవాడు ఎడ్వర్డ్ బెర్నేస్. 1891లో వియన్నాలో పుట్టి పసితనంలోనే అమెరికా చేరాడు. మనస్తత్వ శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడుకు ఇతడు రెండు విధాల మేనల్లుడు: తల్లి ఫ్రాయిడు చెల్లెలు, తండ్రి ఫ్రాయిడు భార్యకు అన్న. కార్నెల్‌లో వ్యవసాయశాస్త్రం చదివి 1912లో పట్టభద్రుడయినాడు గాని నాగలి పట్టలేదు. ఒక వైద్యపత్రిక సంపాదకత్వంలో చేరాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వపు ప్రచార సంఘంలో పనిచేసి, యుద్ధంలో పనికివచ్చినది శాంతికాలంలో కూడ పనికివస్తుందని గ్రహించాడు. 1923లో ఈ వృత్తిని గురించి ఒక గ్రంథం వ్రాశాడు. అదే సంవత్సరం న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ఈ విషయమై మొదటి పాఠ్యక్రమం బోధించాడు. వైద్యునికి, వకీలుకు ఉన్నట్లుగా తమ పనికీ ఒక గ్రంథం, ఒక తరగతి ఉంటేనే అది వృత్తి అనిపించుకుంటుందని అతని లెక్క. భార్య డోరిస్ ఫ్లైష్మన్ ఈ పనులన్నిటిలో సమభాగస్వామి, కాని ఖ్యాతి చాలవరకు భర్తకే దక్కినది.

లీ పత్రికల నమ్మకాన్ని అరువు తెచ్చాడు. బెర్నేస్ ఇంకొక మెట్టు ఎక్కి వైద్యుల నమ్మకాన్ని తెచ్చాడు. పందిమాంసపు బేకను అమ్మే కంపెనీ కోసం, ఉదయంపూట గట్టిగా తినడం మంచిదా, లేతగా తినడం మంచిదా అని వైద్యులను అడిగించి, గట్టిగా తినడమే మంచిదని వారిచ్చిన జవాబును పత్రికలకెక్కించాడు. వైద్యులు బేకనును గురించి ఏమీ చెప్పలేదు. ప్రశ్న వేసిన తీరులోనే జవాబు దాగి ఉన్నది.

1929లో సిగరెట్టు కంపెనీ కోసం చేసిన పని దీనికంటె ప్రసిద్ధికెక్కినది. స్త్రీలు బహిరంగంగా సిగరెట్టు త్రాగడం అప్పట్లో అమెరికాలో తప్పుగా చూసేవారు. సగం జనాభా కొనడం లేదని కంపెనీ బాధ. బెర్నేస్ ఒక మనస్తత్వ నిపుణుని సలహా తీసుకొని, మార్చి 31న ఈస్టరు పండుగ ఊరేగింపులో కొందరు యువతులు న్యూయార్కు వీధిలో సిగరెట్లు వెలిగించేటట్లు ఏర్పాటు చేశాడు. అది స్వాతంత్ర్య చిహ్నమని విలేఖరులకు ముందే చెప్పించాడు. కంపెనీ పేరు ఎక్కడా రాలేదు. ఎవరి తరఫున మాట్లాడుతున్నామో చెబుతామన్న 1906 నాటి మాట ఇక్కడ చల్లగా జారిపోయినది.

ఎలుకల వీపు మీది తారు

ఇరవయ్యవ శతాబ్దంలో ఊపిరితిత్తుల కాన్సరు విపరీతంగా పెరిగినది. అంతకుముందు అది అరుదైన జబ్బు. కారణమేమిటి? మోటారు బండ్ల పొగ అని కొందరు, రోడ్లకు పూసే తారు అని కొందరు అనుకున్నారు. లండనులో ఈ పరిశోధనకు పూనుకున్న రిచర్డ్ డాల్ అనే వైద్యుడు కూడ మొదట తారు మీదనే అనుమానపడ్డాడు. అతడు, గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ కలిసి లండను ఆసుపత్రులలో ఊపిరితిత్తుల కాన్సరు ఉన్న 709 మందిని, అదే వయస్సులో ఉండి ఇతర జబ్బులతో చేరిన 709 మందిని ప్రశ్నించారు. కాన్సరు ఉన్న 649 మంది పురుషులలో పొగ త్రాగనివారు ఇద్దరే. రెండవ జట్టులోని 649 మందిలో త్రాగనివారు 27 మంది. 1950 సెప్టెంబరులో బ్రిటిష్ వైద్యపత్రికలో ఇది ప్రచురితమయినది. పరిశోధన పూర్తి కాకముందే డాల్ సిగరెట్లు మానేశాడు. అదే సంవత్సరం అమెరికాలో ఎర్నెస్ట్ వైండర్, ఎవర్ట్స్ గ్రాహం అనేవారు కూడ ఇదే ఫలితానికి వచ్చారు.

1953 డిసెంబరులో వైండరు బృందం మరొక మెట్టు ఎక్కినది. సిగరెట్టు పొగను చల్లబరచి తీసిన తారును ఎలుకల వీపుకు నెలల తరబడి పూయగా నూటికి 44 ఎలుకలకు కాన్సరు వచ్చినది. ఈ వార్త జనబాహుళ్యంలోని పత్రికల కెక్కగానే సిగరెట్టు కంపెనీల వాటాల ధర పడిపోయినది. డిసెంబరు మధ్యలో కంపెనీల అధ్యక్షులు న్యూయార్కులోని ప్లాజా హోటలులో సమావేశమయినారు. ఒకరి సరుకును ఒకరు ఓడించుకోవడమే నిత్యకృత్యంగా గలవారు ఒకే బల్ల చుట్టూ చేరారంటే ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. వారు పిలిపించిన మనిషి జాన్ హిల్. (గణాంక శాస్త్రవేత్త హిల్‌తో ఇతనికి సంబంధం లేదు, ఇద్దరు హిల్లులు చెరొక పక్షాన నిలవడం యాదృచ్ఛికం.)

జాన్ హిల్ 1890లో ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. అతడు కూడ పత్రికారచయితగానే బ్రతుకు మొదలుపెట్టి, 1927లో క్లీవ్లాండు నగరంలో పౌరసంబంధాల కార్యాలయం తెరిచాడు. ఉక్కు కంపెనీల సంఘం వంటి పెద్ద ఖాతాలు చిక్కడంతో న్యూయార్కు చేరి, ఈ పనిని ఒక మనిషి నేర్పుగా కాక వందలమంది ఉద్యోగులుగల సంస్థగా పెంచాడు. స్వయంగా అతడు ఆరోగ్యం కోసం 1940 తరువాత సిగరెట్లు మానినవాడు.

హిల్ ఇచ్చిన సలహా తెలివైనది. పెద్ద పెద్ద ప్రకటనలు వేసి వైద్యులను తిట్టవద్దన్నాడు. సిగరెట్టు కంపెనీ మాటను ఎవరూ నమ్మరు, విజ్ఞానశాస్త్రాన్ని నమ్ముతారు. కాబట్టి మీరే పరిశోధనకు డబ్బివ్వండి, మీ సంఘం పేరులో “పరిశోధన” అనే మాట ఉండాలి అన్నాడు. ఆ విధంగా పొగాకు పరిశ్రమ పరిశోధన సంఘం వెలసినది. దాని కార్యాలయం ఎంపైర్ స్టేట్ భవనంలో హిల్ కార్యాలయానికి సరిగ్గా ఒక అంతస్తు కింద. శాస్త్రీయ నిర్దేశకుడుగా క్లారెన్స్ కుక్ లిటిల్ అనే పేరుపొందిన జన్యుశాస్త్రవేత్త కుదిరాడు. ఎలుకల జన్యుశాస్త్రానికి ప్రసిద్ధిగాంచిన జాక్సన్ ప్రయోగశాలను నెలకొల్పినవాడు, ఒక విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా చేసినవాడు, కాన్సరు నివారణ సంఘాన్ని నడిపినవాడు. అంతకంటె గట్టి పూచీకత్తు ఎక్కడ దొరుకుతుంది?

1954 జనవరి 4న 448 దినపత్రికలలో సిగరెట్టు కంపెనీల సంయుక్త ప్రకటన వెలువడినది. ప్రజల ఆరోగ్యాన్ని మించినది తమకు ఏదీ లేదని, ఎలుకల ప్రయోగాన్నిబట్టి తుది నిర్ణయానికి రావడం తగదని, నిపుణులలో ఏకాభిప్రాయం లేదని, తమ సరుకు హానికరం కాదని తాము నమ్ముతున్నామని దాని తాత్పర్యం. చదివినవారికి కోపం తెప్పించే మాట ఒక్కటి కూడ అందులో లేదు. మర్యాదగా, నిదానంగా ఉన్నది. ఆ నిదానమే దాని బలం.

ఇందులోని చమత్కారాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. విజ్ఞానశాస్త్రంలో ప్రతి ఫలితం పక్కన ఇంకా తెలియనిది కొంత ఉంటుంది. ఆ సంగతిని దాచకుండా చెప్పడం శాస్త్రజ్ఞుని నిజాయితీ. హిల్ కార్యాలయం ఆ నిజాయితీనే ముడిసరుకుగా తీసుకున్నది. మనుషుల లెక్కలు చూపితే “లెక్కలు కారణాన్ని నిరూపించవు” అన్నారు. ఎలుకలను చూపితే “ఎలుకలు మనుషులు కావు” అన్నారు. విడివిడిగా చూస్తే రెండు మాటలూ నిజమే. కాని మనుషుల లెక్కలలో ఉన్న లోటును ఎలుకల ప్రయోగం పూరిస్తున్నది, ఎలుకల ప్రయోగంలోని లోటును మనుషుల లెక్కలు పూరిస్తున్నాయి. రెండిటినీ ఒకచోట పెట్టి చూడనీయకపోవడమే ఆ నేర్పు. పొగ త్రాగిన ప్రతివానికి కాన్సరు రావడం లేదు గదా అని కూడ అన్నారు. కుంట నీరు త్రాగిన ప్రతివానికి కలరా రాదు. అంతమాత్రాన కుంట నీటికి కలరాకు సంబంధం లేదని ఏ ఆరోగ్యాధికారీ అనడు.

పత్రికల అలవాటు కూడ వారికి కలిసివచ్చినది. తగవు ఉన్నచోట ఇరుపక్షాల మాటలూ అచ్చువేయడం మంచి విలేఖరి ధర్మం. పూర్వం విలేఖరిగా పనిచేసిన హిల్‌కు ఆ ధర్మం బాగా తెలుసు. కొత్త పరిశోధన ఒకటి వెలువడుతున్నదని తెలియగానే దానికి జవాబు సిద్ధం చేసి అదేరోజు పత్రికలకు అందించేవారు. ఒకవైపు వేలాది రోగుల లెక్క, మరొకవైపు ఒక పెద్దమనిషి సందేహం. అచ్చులో రెండిటికీ సమానమైన చోటు. సంఘం ఇచ్చిన డబ్బుతో మంచి పరిశోధనలు జరగలేదని కాదు. జరిగాయి, కాని చాలవరకు కాన్సరును గురించిన సామాన్య విషయాల మీద జరిగాయి, సిగరెట్టుకు హాని ఉన్నదా లేదా అనే ప్రశ్న మీద కాదు. తరువాత చాలకాలానికి, 1969 నాటి ఒక కంపెనీ లోపలి కాగితం బయటపడినది. తాము అమ్మే సరుకు సందేహమే అని అందులో స్పష్టంగా వ్రాసుకున్నారు.

ఇరవై ఏళ్ళపాటు రోజూ సిగరెట్లు త్రాగిన మనిషికి ఈ సందేహం ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. మానడం కష్టం, మానవలసిన అవసరం ఇంకా తేలలేదనే మాట తియ్యన. గ్రాహం స్వయంగా సిగరెట్లు మానినా ఆలస్యమయినది. ఊపిరితిత్తుల కాన్సరును కత్తితో నయం చేయవచ్చునని 1933లో లోకానికి చూపిన ఆ శస్త్రవైద్యుడు 1957లో అదే జబ్బుతో మరణించాడు.

శనివారంనాటి నివేదిక

అదే విద్యను ఎదుటిపక్షం కూడ నేర్చుకున్నది. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి లూథర్ టెర్రీ నియమించిన సంఘం ఏడు వేలకు పైగా పరిశోధన వ్యాసాలు పరిశీలించి నివేదిక తయారుచేసినది. సంఘ సభ్యులను ఎంచేటప్పుడు పొగాకు కంపెనీలకు కూడ అభ్యంతరం చెప్పే అవకాశమిచ్చారు. అందుచేత తరువాత పక్షపాతమని అనడానికి వీలు లేకపోయినది. 1964 జనవరి 11న నివేదిక విడుదలయినది. అది శనివారం. వాటాల బజారు మూసి ఉంటుంది, మర్నాటి ఆదివారపు పత్రికలు పెద్దవిగా ఉంటాయి. విలేఖరులను గదిలో కూర్చోబెట్టి తలుపులు మూసి, చదువుకోవడానికి వ్యవధి ఇచ్చి, ఆ తరువాతనే ప్రశ్నలకు జవాబులు చెప్పారు. జవాబు పక్షానికి ముందుగా కాగితం అందలేదు. పౌరసంబంధాల విద్యలో ఇంతకంటె చక్కని పాఠం అరుదు. 1965లో అమెరికా పెద్దలలో నూటికి 42 మంది సిగరెట్లు త్రాగేవారు. 2020 నాటికి అది 12.5 శాతానికి దిగినది.

నివేదిక వెలువడిన తరువాత బెర్నేస్ పొగాకుకు వ్యతిరేకంగా పనిచేయసాగాడు. 1995లో తన 103వ ఏట మరణించేవరకు అతడు కోరినది మరొకటి ఉన్నది: వైద్యులకు వలె ఈ వృత్తివారికి కూడ ప్రభుత్వ అనుమతిపత్రం ఉండాలని. అది నెరవేరలేదు. అమెరికాలో 1947లో వృత్తిసంఘం ఏర్పడి 1950లో నియమావళి వ్రాసుకున్నది. మనదేశంలో సంఘం 1958లో ఏర్పడినది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన మొదటి అఖిలభారత సమావేశంలో నియమావళిని స్వీకరించారు. నియమం తప్పితే వృత్తినుండి వెలివేసే అధికారం మాత్రం ఏ సంఘానికీ లేదు.

శ్రీకాకుళం ఇంటింటికి

పొగాకు కథ తెలుగువారికి పొరుగువారి కథ కాదు. 1920లనుండి గుంటూరు ప్రాంతం వర్జీనియా పొగాకుకు పెట్టినది పేరు. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనాలయం వెలసినది. 1976లో పొగాకు బోర్డు గుంటూరు చేరినది. ఆ డబ్బుతో పిల్లలను చదివించుకున్న కుటుంబాలెన్నో.

ఉత్తరాంధ్రలో మరొక అలవాటు ఉన్నది. చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని పీలుస్తారు. దీనినే అడ్డపొగ అంటారు. స్త్రీలలో ఇది ఎక్కువ. ఈ అలవాటుకు అంగిటి కాన్సరుకు గల సంబంధాన్ని వి. ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే వ్రాశారు. 1960లలో బొంబాయి దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో పదివేలకు పైగా గ్రామస్థుల నోళ్ళు పరీక్షించగా నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ త్రాగేవారే అని తేలినది.

ఆ పరిశోధకులు అంతటితో ఆగలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో 36,471 మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని, అయిదేళ్ళపాటు ఏటా వారి ఇళ్ళకు వెళ్ళారు. నోరు పరీక్షించారు, పొగాకు ఎందుకు మానాలో ఒక్కొక్కరికీ విడిగా చెప్పారు, సామూహిక ప్రచార సాధనాలు కూడ ఉపయోగించారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి: ఇటువంటి ప్రచారం అందనివారితో పోలిస్తే మానినవారు, తగ్గించినవారు ఎక్కువ, కాన్సరుకు ముందు నోటిలో వచ్చే తెల్లమచ్చలు తక్కువ. దీనిని ఎవరూ పౌరసంబంధాలని పిలవలేదు. కాని వినేవారెవరో తెలుసుకోవడం, వారి వద్దకు వెళ్ళడం, ఒకేసారి చెప్పి వదలక ఏళ్ళ తరబడి చెప్పడం, ఫలితాన్ని కొలవడం — హిల్ కార్యాలయంలో ఉన్న నేర్పులన్నీ ఇక్కడ ఉన్నాయి. ఇక్కడ చెప్పేవారు, చూసేవారు ఒక్కరే. చెప్పినది నిజమో కాదో అద్దం ముందు నోరు తెరచి చూసుకోవచ్చును.

ఇక న్యూయార్కు సంగతి. 1998 నవంబరులో అమెరికాలోని 46 రాష్ట్రాలతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, అప్పటికి పేరు మార్చుకున్న ఆ పరిశోధన సంఘాన్ని రద్దుచేశారు. కంపెనీల లోపలి కాగితాలు లక్షలకొద్దీ బహిరంగమయినాయి. హిల్ ఉత్తరాలు, ప్లాజా హోటలు సమావేశపు వివరాలు ఈ రోజు ఏ విద్యార్థి అయినా చదవవచ్చును. 2006లో వాషింగ్టన్ న్యాయస్థానం, కంపెనీలు దశాబ్దాలపాటు ప్రజలను మోసగించాయని తీర్పు చెప్పి, దిద్దుబాటు ప్రకటనలు వేయాలని ఆజ్ఞాపించినది. అందులో ఒక్కొక్క మాట మీద కంపెనీలు పదకొండేళ్ళు వాదులాడాయి. 2017 నవంబరు 26, ఆదివారంనాడు ఆ ప్రకటనలు దినపత్రికలలో మొదలయినాయి. బొమ్మలు లేవు, రంగులు లేవు. ధూమపానంవల్ల అమెరికాలో రోజుకు సగటున 1,200 మంది చనిపోతున్నారని కంపెనీల సొంత ఖర్చుతో, న్యాయస్థానం నిర్ణయించిన మాటలలో అచ్చయినది. 1954 జనవరి నాటి ప్రకటన వెలువడి అప్పటికి 63 ఏళ్ళు గడిచాయి.